చికాకోలు తాత మెస్ టిన్ - తాడేపల్లిగూడెం నుంచి మార్టేరు దాకా

మొన్న రాత్రే ఇంటికొచ్చాం, బ్యాగులు కూడా విప్పలేదు, మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా.

మా తాతది, అంటే నాన్న వాళ్ళ నాన్నది, శ్రీకాకుళం దగ్గర చిన్న పల్లె. మద్రాస్ సాపర్స్‌లో (ఆర్మీ ఇంజనీర్ల దళం) చేరాడు, మలయా (ఇప్పటి మలేషియా వైపు) పంపించారు, 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో బ్రిటిష్ వాళ్ళు జపాన్‌కి లొంగిపోయినప్పుడు దొరికిపోయాడు. మూడున్నరేళ్ళు ఖైదీగా ఉండి యుద్ధం అయ్యాక ఇల్లు చేరాడు. 1993లో పోయాడు. బతికున్నన్నాళ్ళూ ఆ మూడున్నరేళ్ళ గురించి మాకు చెప్పింది పది మాటలు కూడా ఉండవు. కానీ రెండు మాత్రం ఇంట్లో అందరం చూస్తూనే పెరిగాం. ఒకటి, రోజూ పొద్దున్నే గుప్పెడు తవుడులో బెల్లం కలుపుకుని తినేవాడు. బియ్యం తవుడే, గేదెలకి పెట్టేది. నాన్నమ్మ ఎంత మొత్తుకున్నా మానలేదు. రెండోది, ట్రంకు పెట్టెలో ఒక అల్యూమినియం మెస్ టిన్, అంటే సైనికులు అన్నం తినే గిన్నె. సొట్టలు పడి, పిడి ఊడిపోయి ఉండేది. దాని అడుగున మేకుతో గీసినట్టు తెలుగు అక్షరాల్లో ఒక మనిషి పేరు, కింద "మాధవరం", ఆ కింద "తాడే" వరకే ఉంది, మిగతాది అరిగిపోయింది. ఎవరిది తాతా అంటే "వాడిది, ఇచ్చెయ్యాలి" అనేవాడు, అంతే.

ఆ పేరు ఇక్కడ రాయట్లేదు, వాళ్ళ ఇంట్లో వాళ్ళు వద్దన్నారు.

రెండేళ్ళ క్రితం చెల్లి దగ్గరికి సింగపూర్ వెళ్ళినప్పుడు క్రాంజి వార్ మెమోరియల్‌కి వెళ్ళా. సమాధి కూడా లేకుండా పోయిన వాళ్ళ పేర్లు 24 వేలకి పైనే ఉంటాయక్కడ, పెద్ద పెద్ద రాతి స్తంభాల మీద వరసలు వరసలుగా, మన వాళ్ళ పేర్లు ఎన్నో. వెనకాల ఇంకో చిన్న కట్టడం ఉంది, వాళ్ళ వాళ్ళ మతాచారం ప్రకారం దహనం చేసిన సైనికులవి, ఎక్కువ మంది భారతీయులే, దాదాపు 800 పేర్లు. మధ్యాహ్నం రెండింటి దాకా రిజిస్టర్‌లో, స్తంభాల మీద వెతికా. మెస్ టిన్ మీది పేరు లేదు. చెల్లి అంది, "లేదంటే బతికి ఇంటికెళ్ళాడేమోనే" అని. ఆ మాట బుర్రలో ఉండిపోయింది. ఈ డిసెంబర్‌లో చిన్నాన్నకి ఖాళీ దొరికింది. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు, ఎవరితోనైనా రెండు నిమిషాల్లో మాట కలిపేస్తాడు, ఇలాంటి పనికి అలాంటి మనిషే కావాలి. ఇద్దరం బయల్దేరాం.

డిసెంబర్ 9, తాడేపల్లిగూడెం

స్టేషన్ బయటకి రాగానే ఉల్లిపాయల వాసన. ఇక్కడ ఉల్లి మార్కెట్ చాలా పెద్దది, లారీల మీద ఎర్ర సంచులు, కింద రాలిన పొట్టు గాలికి రోడ్డంతా ఎగురుతోంది. లాడ్జి రూమ్ 900, మంచిగానే ఉంది. పక్క హోటల్లో పెసరట్టు ఉప్మా 70 రూపాయలు, అల్లం చట్నీ మాత్రం ఘాటు అదిరిపోయింది, చిన్నాన్న రెండోసారి పెట్టించుకున్నాడు. తినేసి సాయంత్రం ఊరికే రన్‌వే వైపు వెళ్ళాం.

ఈ ఊళ్ళో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన రన్‌వే ఉందని చాలామందికి తెలీదు. టీ కొట్టు పెద్దాయన చెప్పాడు, వాళ్ళ నాన్న అక్కడ రాళ్ళు మోశాడట, రోజు కూలి. విశాఖ మీద జపాన్ వాళ్ళు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న, ఇటు కాకినాడ మీదా వేశారు, ఆ భయంతో జనం ఊళ్ళు వదిలి పోయారు. మా తాత దొరికిపోయి అప్పటికి ఏడు వారాలు. మా ముత్తమ్మకి కొడుకు బతికున్నాడో లేదో తెలీదు, ఆ బాంబులు వేసిన వాళ్ళ దగ్గరే కొడుకు ఉన్నాడని కూడా తెలీదు. ఆ రోడ్డు పక్కన నిలబడి ఉంటే నాకు ఆవిడే గుర్తొచ్చింది, నేనెప్పుడూ చూడని మనిషి.

డిసెంబర్ 10, మాధవరం

ఆటో రానూ పోనూ ఉండి తీసుకురావడానికి 600 అడిగాడు, 500కి ఒప్పుకున్నాడు. "మిలటరీ మాధవరమా?" అన్నాడు వెంటనే, ఇక్కడ ఎవరినడిగినా ఆ పేరే. దారి పొడుగునా రోడ్డు సగం వడ్లు ఆరబోశారు, మిగిలిన సగంలోనే ఎదురుబొదురు బళ్ళు, ఎవరూ ఎవరినీ తిట్టుకోరు, ఒకరు ఆగి ఇంకొకరికి దారిస్తారు.

ఊరు చేరేసరికి ఎనిమిది కాలేదు, ఇంకా మంచు ఉంది. గ్రౌండ్‌లో కుర్రాళ్ళు పరిగెడుతున్నారు, ఆర్మీ సెలక్షన్‌కట, ఒకడు చేతిలో ఫోన్ పట్టుకుని టైం చెప్తున్నాడు. ఊళ్ళో చెప్పే లెక్క ప్రకారం మొదటి యుద్ధానికి ఇక్కణ్ణుంచి 90 మంది, రెండో యుద్ధానికి 1110 మంది వెళ్ళారు. ఒక్క ఊరు నుంచి. పక్కనే అరుగొలను, అక్కడ గజపతుల కాలంలో కోట ఉండేదని, కాపలాకి విజయనగరం బొబ్బిలి వైపు నుంచి తెచ్చి పెట్టిన సైనికుల కుటుంబాలే ఈ ఊరి మూలమని పెద్దవాళ్ళు చెప్తారు. అది వినగానే చిన్నాన్న "అయితే మనోళ్ళేనమ్మా" అని నా వైపు తిరిగాడు, మొహం వెలిగిపోయింది.

పోలేరమ్మ గుడి దగ్గర ఆగాం. డ్యూటీకి వెళ్ళేముందు ఇక్కడ దణ్ణం పెట్టుకునే వెళ్తారట. అరుగు మీద రిటైరైన సుబేదారు గారొకరు పేపర్ చదువుతున్నారు. సంచిలోంచి మెస్ టిన్ తీసి చేతికిచ్చా. ఆయన దాన్ని వెంటనే తిప్పి చూడలేదు, ముందు లోపల చూశారు, బొటనవేలితో అంచు తడిమారు, "పాతది, ఇంగ్లీషోడి టైముది" అని అప్పుడు తిప్పారు. పేరు చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి కేకేస్తే కుర్చీలు, టీ, వేడి వేడి పునుగులు వచ్చాయి, ఇంకో ముగ్గురు పెద్దవాళ్ళు వచ్చారు.

"ఆ ఇంటిపేరోళ్ళు ఇప్పుడు మూడిళ్ళున్నారండి. కానీ మీరడిగే ఆయన సిపాయి కాదండి, లాంగ్రీ. మిలటరీలో వంటాయన."

"సింగపూర్ వెళ్ళొచ్చాడా అండి?"

"ఆయ్, వెళ్ళాడు. తర్వాత బోసుగారి దాంట్లో కలిసిపోయాడండి. అందుకే గదండీ పెన్షన్ లేకపోయింది."

ఇది మాకు కొత్త. సింగపూర్ పడిపోయిన రెండు రోజులకి, ఫిబ్రవరి 17న, ఫేరర్ పార్క్ మైదానంలో భారతీయ సైనికుల్ని అందర్నీ కూర్చోబెట్టి జపాన్ వాళ్ళకి అప్పజెప్పారు, 40 వేల మంది పైనే. ఇప్పుడు ఆ పేరుతోనే అక్కడ మెట్రో స్టేషన్ ఉంది, మన వాళ్ళు ముస్తఫా అనే పెద్ద షాపుకి వెళ్ళడానికి దిగేది అక్కడే. ఆ మైదానంలోనే కెప్టెన్ మోహన్ సింగ్ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరమని పిలిచాడు. చేరిన వాళ్ళున్నారు, చేరని వాళ్ళున్నారు, చేరని వాళ్ళలో చాలామందిని కూలి పనికి ఎక్కడెక్కడికో ఓడల్లో తోలేశారు, ఒక్క న్యూగినీలో వేవాక్ వైపే సుమారు 3 వేల మంది, వాళ్ళలో తిరిగొచ్చింది చాలా చాలా తక్కువ. మా తాత చేరలేదు, సింగపూర్ క్యాంపుల్లోనే ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ నేననుకున్నది ఇద్దరూ ఒకే దారిలో ఉన్నారని.

ఊళ్ళో మా గురించి తెలిసిపోయింది, పదకొండింటికల్లా పదిహేను మంది చుట్టూ. ఒక పెద్దావిడ చెప్పింది, ఆయన తిరిగొచ్చాక ఎక్కువ రోజులు ఈ ఊళ్ళో ఉండలేదని, వీధిలో అందరికీ నెలనెలా పెన్షన్ మనియార్డర్లు వస్తుంటే ఆయనకి రాకపోయేసరికి తలెత్తుకోలేక భార్య తరఫు ఊరికి వెళ్ళిపోయాడని. "పెనుగొండ అవతల్నుంచి తెచ్చుకున్నారండి ఆ పిల్లని" అంది. ఊరి పేరు గుర్తు రాలేదు. మధ్యాహ్నం భోజనం చేయకుండా వదల్లేదు, ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర, గడ్డ పెరుగు. డబ్బుల మాట ఎత్తితే సుబేదారు గారు చేయి అడ్డం పెట్టారు. మెస్ టిన్‌ని మాత్రం ఆయనే స్వయంగా గుడ్డలో చుట్టి ఇచ్చారు.

డిసెంబర్ 11, పెనుగొండ చుట్టుపక్కల

ఈ రోజంతా వృథా అయిందనే అనుకున్నాం సాయంత్రం నాలుగింటి దాకా. పెనుగొండలో వాసవి అమ్మవారి గుడి దగ్గర దిగి, ఆ ఇంటిపేరు చెప్పి అడిగితే ఒకరు కాలువ గట్టు మీద నుంచి వెళ్ళమన్నారు, వెళ్ళాం, గట్టు రోడ్డు కొంతదూరం పోయాక ఆగిపోయింది, అవతల ఒడ్డున ఊరు కనపడుతోంది కానీ వంతెన లేదు. వెనక్కి వచ్చి ఇంకో దారి పట్టుకుని వెళ్తే తప్పు ఇల్లు. ఇంటిపేరు అదే, మిలటరీ ఆయనే, కానీ 1971 యుద్ధంలో చేసినాయన. వాళ్ళబ్బాయి మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి ప్రశ్నలు వేశాడు, ఏవో పొలం కాగితాల గొడవ నడుస్తోందట, మేం దాని మీద వచ్చామనుకున్నాడు. అతని తప్పేం లేదు, సంచి పట్టుకుని ఎవరో వచ్చి మీ తాతలెవరు అని అడిగితే ఎవరికైనా అనుమానమే.

లోపల్నుంచి ఆ పెద్దాయన "ఎవర్రా" అన్నాడు. మెస్ టిన్ చూపించాం. పక్షవాతం వచ్చింది ఆయనకి, ఒక చెయ్యి లేవదు, రెండో చేత్తో దాన్ని ఒళ్ళో పెట్టుకుని పేరు చదివించుకున్నాడు. "సింగపూరు వంటాయనరా!" అన్నాడు కొడుకుతో. పెళ్ళిళ్ళకి వంట చేసేవాడట ఈ చుట్టుపక్కలంతా, ఈయన పెళ్ళికి కూడా ఆయనే వండాడట, మార్టేరు అవతల ఊరు, కూతురు ఇంకా ఉందనుకుంటా అన్నాడు. చిన్నాన్న ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. కొడుకు బయటికొచ్చి కొబ్బరి బోండాలు కొట్టించాడు, గుమ్మంలో నిలబెట్టినందుకు ఏమనుకోవద్దని మూడుసార్లు అన్నాడు.

డిసెంబర్ 12, మార్టేరు అవతల

మార్టేరు అంటే వరి పరిశోధనా కేంద్రం, స్వర్ణ బియ్యం పుట్టింది ఇక్కడే, ఎంటీయూ 7029, దేశమంతా తిన్న రకం. అక్కణ్ణుంచి ఆటో 200. ఊళ్ళోకి వెళ్ళి "సింగపూరు వంటాయన" అనగానే చిన్న పిల్లాడు కూడా దారి చూపించాడు. ఇల్లు పెంకుటిల్లు, ముందు సిమెంటు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, ఒక ముసలావిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని పాదాలతో వడ్లని సాళ్ళు సాళ్ళుగా కదుపుతూ ఇటు నుంచి అటు నడుస్తోంది. డెబ్బై అయిదు పైనే ఉంటాయి. మమ్మల్ని చూసి ఆగలేదు, సాలు చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చి అప్పుడు "ఎవరు కావాలమ్మా" అంది.

చిన్నాన్న చెప్పడం మొదలుపెట్టాడు, మా నాన్న మీ నాన్నగారితో సింగపూర్‌లో, మాది శ్రీకాకుళం అని. ఆవిడ మొహంలో ఏం మార్పు లేదు. "మా నాన్నకి శ్రీకాకుళం వాళ్ళెవరూ తెలీదు బాబూ" అంది. "మేం అడిగాం కూడా. ఎప్పుడూ చికాకోలు చికాకోలు అనేవాడు, మా చికాకోలోడు అని. అది సింగపూర్ దగ్గర ఊరు కదా?"

నాకు గొంతు పట్టేసింది. చిన్నాన్న నెమ్మదిగా చెప్పాడు, "అమ్మా, తెల్లోళ్ళు శ్రీకాకుళాన్నే చికాకోల్ అనేవాళ్ళు. మిలటరీ కాగితాల్లో అలాగే ఉండేది."

ఆవిడ అలాగే వడ్ల మీద నిలబడిపోయింది. తర్వాత కాళ్ళు కడుక్కుని వచ్చి, మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, అప్పుడు మెస్ టిన్ అందుకుంది.

ఆవిడ చెప్పింది ఇది, నాకు గుర్తున్నంతవరకు ఆవిడ మాటల్లోనే. "క్యాంపులో ఒక చికాకోలు కుర్రాడికి కాళ్ళు వాచిపోయి నడవలేకపోతే, మా నాన్న జపానోళ్ళ వంటశాలకి పనికెళ్ళినప్పుడు బియ్యం తవుడు మూటకట్టి తెచ్చేవాడంట. పశువులకి పెడితే బలం కదా, మనిషికి మాత్రం ఎందుకు రాదు అని కాచి తాగించేవాడంట. ఆ కుర్రాడు ఇది గేదెల తిండి నాకొద్దని ఏడిస్తే కొట్టి మరీ తాగించాడంట. నెలకి లేచి నడిచాడు, అదే చెప్పుకుని మురిసిపోయేవాడు మా నాన్న."

బెరిబెరి అది. తెల్ల బియ్యం గంజి తప్ప ఇంకేం లేక బి1 విటమిన్ అందక వచ్చేది, ఖైదీలు గుంపులు గుంపులుగా దాంతో పోయారు. ఆ విటమిన్ ఉండేది తవుడులోనే, గోదారి జిల్లా రైతు ఇంట్లో పుట్టిన ఒక వంటాయనకి పేరు తెలీదు కానీ సంగతి తెలుసు. చిన్నాన్న లేచి బయటికెళ్ళి వడ్ల దగ్గర నిలబడ్డాడు చాలాసేపు. తాత పోయేముందు ఆస్పత్రిలో కూడా తవుడు అడిగాడు, మతి చలించిందనుకుని చిన్నాన్నే పెట్టలేదు. ఆ సంగతి ఆ రాత్రి నాకు చెప్పాడు.

మెస్ టిన్ ఎలా తాత దగ్గరికి వచ్చిందో కూడా ఆవిడకి తెలుసు. ఫౌజ్‌లో చేరి వెళ్ళేటప్పుడు నీకు గిన్నె కూడా లేదు కదరా అని తనది ఇచ్చేసి వెళ్ళాడట. "కానీ ఈ రాత మా నాన్నది కాదమ్మా, ఆయన జీవితాంతం వేలిముద్రే." అప్పుడు మళ్ళీ చూశా. "ధ" కింద గీతని బాగా వంచి రాయడం, అది మా తాత పద్దుల పుస్తకంలో నేను వందసార్లు చూసిన రాత. ఎవరిదో మర్చిపోకూడదని ఆయనే చెక్కుకున్నాడు.

ఆ తర్వాత వంటాయన బర్మా వెళ్ళాడు, ఫౌజ్‌తోపాటు వెనక్కి తగ్గుతూ బ్రిటిష్ వాళ్ళకి దొరికాడు, మళ్ళీ ఖైదీ. ఒక్క యుద్ధంలో రెండుసార్లు, రెండు వైపులా. తిరిగొచ్చిన ఖైదీల్ని బ్రిటిష్ వాళ్ళు తెలుపు, బూడిద, నలుపు అని మూడు రకాలుగా విడదీశారు. మా తాత తెలుపు, జీతం బకాయిలు, మెడల్స్ ఇచ్చి పంపారు. ఈయన నలుపు, డిస్మిస్, ఖైదులో ఉన్న కాలానికి జీతం కూడా లేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఫౌజ్ వాళ్ళని ఆర్మీలోకి తీసుకోలేదు. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ వచ్చినప్పుడు ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ళకీ ఇస్తామన్నారు, ఈయన కూడా పెట్టుకున్నాడు. జైలు కాగితం లేకపోతే తోటి ఖైదీల సర్టిఫికెట్లు తెమ్మన్నారు.

ఆవిడ బీరువాలోంచి ప్లాస్టిక్ కవర్ తీసింది. మడతల దగ్గర చిరిగిన దరఖాస్తు నకలు, దాని మీద వేలిముద్ర. "రెండేళ్ళు తిరిగాడమ్మా. నా చికాకోలోడు దొరికితే చెప్తాడు నేనెక్కడున్నానో అని. ఊరి పేరు తెలీదు కదా, చికాకోలు అంటే ఇక్కడెవరికీ తెలీలేదు. ఇంక వదిలేశాడు." 1981లో పోయాడట.

మా తాత అప్పటికి ఇంకా బతికే ఉన్నాడు, రోజూ తవుడు తింటూ, గిన్నె ఇచ్చెయ్యాలి అంటూ. ఇక్కణ్ణుంచి ఒక రాత్రి బస్సు ప్రయాణం. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తోంది, ఎవరి మీద చూపించాలో తెలీని కోపం. పేరు, మాధవరం, తాడేపల్లిగూడెం అన్నీ గిన్నె మీద రాసి పెట్టుకున్న మనిషి ఒక్క ఉత్తరం ఎందుకు రాయలేదు? చిన్నాన్న అంటాడు, తెలుపు వాడు నలుపు వాడికి ఏ మొహంతో రాస్తాడమ్మా అని. అదే అయ్యుండొచ్చు.

ఆ మధ్యాహ్నం ఆవిడ కంద బచ్చలి కూర వండింది, వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళలో చేసే పద్ధతి, ఆవపెట్టి. దించాక పచ్చి ఆవాల ముద్ద కలిపితేనే ఆ ఘాటు నిలుస్తుందట. అన్నం మెస్ టిన్‌లో పెట్టి ముందు వాళ్ళ నాన్న ఫొటో దగ్గర పెట్టింది. ఫొటోలో ఆయన తలపాగా చుట్టుకుని పెద్ద గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు, మిలటరీ బట్టల్లో ఉన్న ఫొటో ఒక్కటీ లేదు.

డిసెంబర్ 13

పొద్దున్నే లాడ్జి ఖాళీ చేసి మళ్ళీ వాళ్ళింటికే వెళ్ళాం. ఆవిడ మనవడు ఆటోలో రెండు మూటలు పెట్టించాడు, ఒకదాంట్లో స్వర్ణ బియ్యం, ఇంకోదాంట్లో మిల్లు నుంచి తెప్పించిన తాజా తవుడు. గిన్నె ఇక ఆవిడ దగ్గరే. పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళే గరిటెల పక్కన మేకుకి తగిలించింది.

బయల్దేరబోతుంటే ఆగమంది. గోడకున్న క్యాలెండర్ దింపి, వెనక ఖాళీ పేజీ తిప్పి, పెన్ను నా చేతికిచ్చింది. ఫోన్ నంబర్ రాశా. "అది కాదమ్మా, ఊరు రాయి" అంది. తాత ఊరు పేరు రాశా. "మండలం?" రాశా. "జిల్లా?" శ్రీకాకుళం అని రాశా. "దాని పక్కన చికాకోలు అని కూడా రాయి."

రాశా. ఆవిడ మనవడి చేత పైకి చదివించుకుని విన్నాక క్యాలెండర్ మళ్ళీ గోడకి పెట్టింది, రాసిన వైపు బయటికి కనపడేలా.